రాజాం ఏ ఫోల్డర్‌లో ఉన్నట్టు?

మా ఇంట్లో ఉన్న సమాచారం మొత్తం ఇంత: గ్యాస్ కన్స్యూమర్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు, మా ఇద్దరి ఎల్‌ఐసీ పాలసీలు, నాలుగు బ్యాంకు పాసుపుస్తకాలు, గజపతినగరం దగ్గర ఎనభై సెంట్ల పొలానికి పట్టాదారు పాసుపుస్తకం, పిల్లాడి కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, చుట్టాల ఫోన్ నంబర్లు, మా అమ్మ చదివింపుల పుస్తకం. అంతా కలిపి ఒక రేకు బిస్కెట్ డబ్బాలో పడుతుంది. పడటమేమిటి, ముప్ఫై ఏళ్లుగా అందులోనే ఉంది. దీన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి తగిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో తేల్చడానికి నాకు పోయిన దసరా నుంచి ఈ ఉగాది దాకా పట్టింది. తొందరపడ్డానేమోనని ఇప్పటికీ అనుమానం.

సంగతి పైడితల్లమ్మ సిరిమాను రోజున మొదలైంది. దసరా వెళ్లాక వచ్చే ఆ మంగళవారం, విజయనగరంలో ఇల్లున్న పాపానికి ప్రతివాడికీ చుట్టాలు దిగుతారు. మాకు పద్నాలుగు మంది దిగారు. పులిహోర పోపు మధ్యలో గ్యాస్ అయిపోయింది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే నంబరు చెప్పమన్నారు. నేను డబ్బా బోర్లించి, నేల మీద కూర్చుని వెతుకుతుంటే మా ఆవిడ వంటింట్లోంచే అంది: "ఏటండీ ఆ వెతుకులాట? క్యాలెండర్ మీద రాసుంది కదేటి!"

రాసుంది. మార్చి నెల కాగితం మూల, పాల లెక్కకీ చీటీ వాయిదాకీ మధ్య. మర్యాదస్తుడైతే అంతటితో సిగ్గుపడి ఊరుకుంటాడు. నేను వ్యవస్థనే మార్చాలనుకున్నాను.

ఉచితం అన్నానని చులకన చేయకండి. ఇంగ్లీషువాళ్లకి ఉన్నది 'ఫ్రీ' అన్న ఒక్క మాటే. అందుకే 1983లో, ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేద్దామని గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, ఇది ధర సంగతి కాదు నాయనా, స్వేచ్ఛ సంగతి అని దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాడు. ఎలా కావాలంటే అలా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూసి మార్చుకోవచ్చు, పక్కవాడికి నకలు ఇవ్వచ్చు, మనం మార్చినదాన్నీ పంచవచ్చు. ఈ నాలుగు స్వేచ్ఛలకీ సున్నా నుంచి మూడు దాకా నంబర్లు వేశారు. మనకైతే ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు, రెండు మాటలున్నాయి. ఉన్నాయి కాబట్టే రెండూ పక్కనపెట్టి "ఫ్రీయేనా?" అని అడుగుతాం. రాజాంలో ఉండే మా బావమరిదికి ఈ నాలుగు స్వేచ్ఛలూ గంటసేపు ఫోన్లో వివరించాను. అంతా శ్రద్ధగా విని, "అయితే బావా, డబ్బులేటీ అక్కర్లేదన్నమాట" అన్నాడు.

రాతలు దాచుకునే సాఫ్ట్‌వేర్లలో అబ్సిడియన్‌కి డబ్బులు అక్కర్లేదు, కానీ దాని సోర్స్ కోడ్, అంటే అది తయారైన లోపలి రాత, తెరిచి పెట్టలేదు. జోప్లిన్‌కి డబ్బులూ అక్కర్లేదు, కోడూ తెరిచే ఉంది. ఈ తేడా తెలిశాక రెండు వారాలు సరిగ్గా నిద్ర పట్టలేదు. నా పాలసీ నంబరు దాచే సాఫ్ట్‌వేర్ కోడ్ నేను చదవగలగాలి. చదవడం నాకు రాదు, అది వేరే విషయం. హక్కు హక్కే.

అందుకని లిబ్రెఆఫీస్‌లో ఒక పట్టిక వేశాను. ఇరవై రెండు సాఫ్ట్‌వేర్లు, ఒక్కోదానికీ పద్నాలుగు గళ్లు. తెలుగు సరిగ్గా కనిపిస్తుందా, నెట్ లేకపోయినా తెరుచుకుంటుందా, ఫోన్లో వస్తుందా, ఇలా. మంచివాటికి పచ్చరంగు, చెడ్డవాటికి ఎరుపు, తేల్చుకోలేనివాటికి పసుపు. పట్టికంతా పసుపే. మా ఇంట్లో ఇంత పద్ధతిగా సర్దిన సమాచారం ఇంకోటి లేదు. గ్యాస్ నంబరు మాత్రం అందులో లేదు.

మొదట టిడ్లీవికీ మీద మనసు పడింది. 2004లో వచ్చింది. సాఫ్ట్‌వేరూ మన రాతలూ అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, ఒకే పనస దుంగని తొలిచి బొబ్బిలి వీణ చేసినట్టు. చూసి ముచ్చటపడ్డాను. అయితే వేరే ఏర్పాటు ఏదీ చేసుకోకపోతే, సేవ్ నొక్కినప్పుడల్లా బ్రౌజర్ ఒక కొత్త నకలు దింపుతుంది. వారం తిరిగేసరికి నా డౌన్‌లోడ్స్‌లో ముప్ఫై ఒక్క వీణలున్నాయి. ఏది శ్రుతిలో ఉందో తెలియదు.

ఈమాక్స్ అనే టైపింగు సాఫ్ట్‌వేర్‌లో నడిచే ఆర్గ్‌మోడ్‌ని, రాతలు సర్దుకునే ఏర్పాటుని, 2003లో తయారుచేసింది కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త. అందులో ప్రతి శీర్షికకీ ముందు నక్షత్రం గుర్తు పెట్టాలి. చుక్కలు చూసే ఆయన చుక్కలే పెట్టించాడు, తప్పేముంది? లోపలికైతే వెళ్లాను. బయటికి రావాలంటే కంట్రోల్ పట్టుకుని ఎక్స్, తర్వాత సీ నొక్కాలని తెలిసేసరికి రాత్రి పదకొండయింది. "నాన్నా, నువ్వింకా అందులోనే ఉన్నావా?" అన్నాడు మా పిల్లాడు, నిద్రలో లేచి.

జోప్లిన్ అన్నది స్కాట్ జోప్లిన్ అనే పియానో విద్వాంసుడి పేరు. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో ఉంటూ దాన్ని కాదనడం బాగుండదని అర మార్కు ఎక్కువేశాను.

అసలు చిక్కు చెర్రీట్రీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ దగ్గర వచ్చింది. అందులో అన్నీ కొమ్మలే: జిల్లా, దాని కింద ఊరు, ఊరి కింద మనిషి. చక్కగా అమర్చుకుంటూ వచ్చి రాజాం దగ్గర ఆగిపోయాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పార్వతీపురం మా విజయనగరం నుంచి విడిపోయి మన్యం జిల్లా అయింది, పాలకొండ శ్రీకాకుళం వదిలి దాంట్లో కలిసింది, రాజాం శ్రీకాకుళం వదిలి మా జిల్లాలోకి వచ్చింది. బావమరిది మంచం మీంచి లేవకుండానే జిల్లా మారిపోయాడు. అతని ఇంటి దస్తావేజు మీద శ్రీకాకుళం జిల్లా, పన్ను రసీదు మీద విజయనగరం జిల్లా. ఒకడే మనిషి, రెండు కొమ్మల మీద కూర్చున్నాడు. (అతని కాగితాలు నా దగ్గరెందుకంటారా? అతని అప్పుకి హామీ ఉన్నది నేను.)

ఇలాంటి ఇబ్బందికే ట్యాగులు పుట్టాయట, అంటే ఒకే రాతకి ఎన్నైనా తగిలించగల పేరు చీటీలు. లోకంలో ఫోల్డర్లవాళ్లు, ట్యాగులవాళ్లు అని రెండు మతాలున్నాయి, ఒకరింట్లో ఒకరు మంచినీళ్లు తాగరు. నేను మతం మార్చుకుని బావమరిదికి పదకొండు ట్యాగులు తగిలించాను: రాజాం, పాత శ్రీకాకుళం, కొత్త విజయనగరం, హామీ, అప్పు, వాయిదా, ఆలస్యం, ఇంకా ఆలస్యం, అలా. ఆఖర్న అతని ఫోన్ నంబరు కావలసి వచ్చి మా ఆవిణ్ని అడిగి తీసుకున్నాను.

వెతకడం ఇంకో భాగవతం. 'కరెంటు' అని రాసి దాచుకుని, ఆర్నెల్ల తర్వాత 'కరెంట్' అని వెతికితే దొరకదు. పొల్లుకీ ఉకారానికీ ఉన్న చుట్టరికం యంత్రానికి తెలియదు. పైగా తెలుగు టైపింగులో పొల్లుని విడిగా నిలబెట్టడానికి కంటికి కనబడని అక్షరం ఒకటి మధ్యలో వచ్చి కూర్చుంటుంది, వెతుకులాటకి అదీ అడ్డం పడుతుంది. మా అమ్మ చదివింపుల పుస్తకంలో 'సీపురుపల్లి సిన్నోడు 116' అని రాసుంది. చీపురుపల్లి అనండి, సీపురుపల్లి అనండి, పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపిస్తుంది. వాళ్లింట్లో పెళ్లికి మనం ఎంత చదివించాలో కూడా చెబుతుంది, అడక్కపోయినా.

ఇంత తిరుగుడులోనూ నిజంగా తలకెక్కిన సంగతి ఒకటుంది. పిల్లనిచ్చే ముందు ఆ ఊరికి బస్సుందో లేదో కనుక్కున్నట్టు, సమాచారం లోపల పెట్టే ముందు బయటికి తీసే దారి చూసుకోవాలి. రాతలు దాచుకునే ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలకి 50 రాతలు, ఒక్క నోట్‌బుక్ అని హద్దు గీసింది. అదే ఆర్గ్‌మోడ్ రాతలైతే సాదా టెక్స్ట్ ఫైళ్లు, ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటాయి. ఈ లెక్కన పట్టికలో అందరికంటే ఎక్కువ మార్కులు మా రేకు డబ్బాకి వచ్చాయి. నెట్ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు, మూత తీస్తే చాలు. అందుకని దాన్ని పట్టికలోంచి తీసేశాను.

నంబర్లూ పాస్‌వర్డ్‌లూ మాత్రం ఉగాది దాకా ఆగలేవు కాబట్టి డిసెంబరులోనే కీపాస్ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్‌లు దాచే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. దాని మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే తెరవడం తయారుచేసినవాళ్ల వల్ల కూడా కాదు. అంత గట్టిది. ఇరవై నాలుగు అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి, మరిచిపోకుండా క్యాలెండర్‌లో డిసెంబరు కాగితం వెనక రాశాను. ఇక మీదట ఏ నంబరూ గోడ మీద రాయనక్కర్లేదని మా ఆవిడకి గట్టిగా చెప్పాను. ఆవిడ విన్నది. నేను చెప్పినవాటిలో ఆవిడ విన్నది అదొక్కటే.

జనవరిలో కొత్త క్యాలెండర్ వచ్చింది. పాత కాగితాలు మా ఆవిడ వంటింటి అలమరా అరల్లో పరిచింది.

మొన్న కరెంటు సర్వీసు నంబరు కావలసి వచ్చింది. ఇద్దరం కలిసి ఆవకాయ జాడీ ఎత్తాం. కింద డిసెంబరే ఉంది. జాడీ అడుగు మేర గుండ్రంగా నూనె మరక. ఇరవై నాలుగు అక్షరాల్లో పదిహేడు కనిపిస్తున్నాయి.

మా ఆవిడ కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. "ఏటండీ," అంది, "మీ పట్టికలో నూనె మరకకి ఒక గడి లేదా?"

లేదు. కలిపాను. ఇప్పుడు పదిహేనయ్యాయి.