పంటు మీద తేగ

నిన్నటి సంగతే. బుగ్గ లోపల తీగ గుచ్చుకున్న చోట ఇంకా మంటగానే ఉంది.

39 ఏళ్ళకి పళ్ళకి క్లిప్పులేంటండీ అని మీరు అడక్కండి, మా అమ్మ రోజూ అడుగుతోంది. మా పాపకి వేయిద్దామని భీమవరం తీసుకెళ్తే డాక్టర్ గారు దాని నోరు రెండు నిమిషాలు, నా నోరు పది నిమిషాలు చూసారు. పాపకి ఇంకా పాలపళ్ళున్నాయి ఆగమన్నారు, నాకు వేసేసారు. 18 నెలలు, నెలకోసారి బిగింపు. బిగించిన మూడ్రోజులూ పెరుగన్నమే, ఇడ్లీ కూడా నవిలేది లేదు, మింగడమే. ఎవరికీ కనపడకూడదని రంగులేని రబ్బర్లు వేయించుకున్నానా, పప్పూ పులిహోరా తినేసరికి పసుపు పట్టి పెళ్ళికూతురి పాదాల్లా తయారయ్యాయి.

తినకూడనివి అని ఒక కాగితం చేతిలో పెట్టారు, ఇంగ్లీషులో. బేగెల్, పిజ్జా అంచు, పాప్‌కార్న్, టాఫీ, ఐసు ముక్కలు. బేగెల్ ఏంటో ఫోన్‌లో వెతికి చూసా, మన చిల్లుగారెకి దూరపు చుట్టంలా ఉంది. ఇది ఏ దేశపు కాగితమో, దాన్నలాగే జిరాక్స్ తీసి మనకిచ్చేస్తున్నారు. జంతికల్లేవు, చేగోడీల్లేవు, మామిడి తాండ్ర లేదు, చెరుకు ముక్క లేదు. తేగ అసలే లేదు. లేదు కాబట్టే తిన్నా, కోర్టులో అయినా ఇదే చెప్తా.

సఖినేటిపల్లి నుంచి వస్తూ చించినాడ బ్రిడ్జి చుట్టూ తిరగడమెందుకని బళ్ళనీ మనుషుల్నీ గోదారి దాటించే పంటు ఎక్కా. ఎక్కేముందు రేవులో తంపట వేసిన తేగల కట్ట వేడివేడిగా కనపడింది. ఇంక చెప్పేదేముంది.

తేగ తినేటప్పుడు నోట్లో మిగిలిన పీచు లాగి అవతల పారేస్తాం కదండీ, ఆ పీచు రాలేదు. పైన కుడివైపు, పంటికి అంటించిన బ్రాకెట్టుకి చుట్టుకుంది. లాగితే పన్ను కదుల్తోంది, వదిలేస్తే మూతి బయట జానెడు పీచు రొయ్య మీసంలా ఊగుతోంది. నాలికతో తోస్తే రెండో బ్రాకెట్టుకి కూడా పట్టుకుంది. మామూలు రోజుల్లో మూతి మూసుకుని పక్కకి తిరిగి నించోవచ్చు, కానీ పంటు మీద పక్క అంటూ ఉండదు, నాలుగువైపులా జనమే, జనం లేనిచోట బళ్ళు, బళ్ళు లేనిచోట వశిష్ఠ గోదావరి. సరిగ్గా అప్పుడే టికెట్లబ్బాయి వచ్చి బండికి ఎంత, మనిషికి ఎంత అని చెప్తుంటే నేను నోరు తెరిచి "ఆఁ... ఆఁ" అన్నా.

పక్కన గంప దించుకుని కూర్చున్న మామ్మగారు తలెత్తి చూసి, "అయ్యో బాబూ, గాలం మింగేసారా?" అంది.

అంతే, పంటు పంటంతా ఇటు ఒరిగిందేమో అనిపించింది. ఒకాయన ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు, ఇంకొకాయన కొబ్బరినూనె రాస్తే జారిపోద్దండి అన్నాడు, నూనె ఎవరి దగ్గరా లేదు గానీ సలహా మాత్రం మూడుసార్లు ఇచ్చాడు. వలల మూట మీద కూర్చున్నతను నా దగ్గర కత్తుందండి అన్నాడు, నేను టక్కున నోరు మూసేసా. మామ్మగారు ఒప్పుకోలేదు. గాజులకున్న పిన్నీసు తీసి, చీర కొంగుకి ఒకసారి తుడిచి (అదే స్టెరిలైజేషన్), "తెరవండి బాబూ, మా మనవడి కాల్లో ముళ్ళన్నీ నేనే తీసేదాన్ని" అని గెడ్డం పట్టుకుంది. లోపల చూసి ఒక్క క్షణం ఆగి, "ఇవి వెండియేనా అండి?" స్టీలండి అని చెప్దామంటే నోట్లో పిన్నీసు. "వెండే అయ్యుంటాది" అని ఆవిడే తేల్చేసి వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. ఆ రేవులో నేనింక వెండిపళ్ళ ఆయన్నే.

టప్ మంది.

ఇవాళ పొద్దున్నే క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఊడిన బ్రాకెట్టు తెచ్చుకోండి అన్నారు. గోదాట్లో ఉందండి అన్నా. అయితే కొత్తదానికి 500, అపాయింట్‌మెంట్ వచ్చే శుక్రవారం. ఈలోగా తీగ గుచ్చుకుంటోందంటే మైనం పెట్టుకోమంది. ఎలా ఊడిందో కంప్యూటర్‌లో ఎక్కించాలట. తేగ అని చెప్పా. కాసేపు టకటకలాడించి, "సార్, లిస్టులో తేగ రావట్లేదండి, పాప్‌కార్న్ అని కొట్టేస్తున్నా."

నేను పాప్‌కార్న్ తినలేదండి.