సవరణ: గిడుగు రామమూర్తి గారు పుట్టింది పర్లాకిమిడిలో కాదు

మా పర్లాకిమిడి గొప్పల గురించి మొన్న రాసిన పోస్టులో గిడుగు వెంకట రామమూర్తి గారు ఇక్కడే పుట్టారని రాశాను. అది తప్పు. ఆయన పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. ఆయన జీవిత చరిత్రలన్నిటిలో ఇదే ఉంది. చూసుకోకుండా రాసేశాను.

మా ఊరితో ఆయన బంధం మాత్రం పుట్టుక కంటే పెద్దదే. 1880లో రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకోవాలని, ఆ భాష వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని మాటా మాటా రాసుకున్నారు. అప్పటికి ఆ భాషకు లిపి లేదు. తర్వాత సవర పిల్లలకు సొంత డబ్బుతో బడి పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. వాడుక భాష కోసం ఆయన పోరాడింది కూడా ఇక్కడ ఉంటూనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అందులో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్లిపోయారు. ఇక్కడి తెలుగువాళ్లకు ఆ సంగతి ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది.

ఇంకొకటి. నౌపడా నుంచి మా ఊరికి 1900లో మొదలైన నారోగేజ్ (సన్న పట్టాల) రైలు లైను గురించి రాసింది చదివి, ఆ చిన్న రైలు ఎక్కడానికి వస్తామని కొందరు అడిగారు. అది ఇప్పుడు లేదు, లైను బ్రాడ్‌గేజ్ అయింది. ఇప్పుడు మా ఊరి మీదుగా గుణుపురం వెళ్లేవి మామూలు రైళ్లే.