ఖాళీకి శిక్ష, తప్పుకి క్షమ

యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో కమాండ్లని వరుసగా రాసిపెట్టే షెల్ స్క్రిప్టుకి ఒక పద్ధతీ పాడూ లేదని విసుక్కునేవాళ్లు ఎక్కువైపోయారు. ఇది అన్యాయం. ఆ కమాండ్లని చదివి నడిపే షెల్‌కి పద్ధతి ఉంది. చిన్న విషయాల్లో అది నిప్పు, పెద్ద విషయాల్లో వెన్న.

వేరియబుల్‌కి విలువ ఇచ్చేటప్పుడు "=" గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదిలి చూడండి. వేరియబుల్ పేరునే కమాండ్ అనుకుని, అలాంటి కమాండ్ లేదు పొమ్మంటుంది. ఖాళీలంటే గిట్టదు కాబోలని ఇఫ్ షరతులో చదరపు బ్రాకెట్లకి ఆనించి రాస్తే అదీ తప్పే. అక్కడ ఖాళీ ఉండి తీరాలి. ఎందుకంటే "[" ఉత్త గుర్తు కాదు, సాక్షాత్తూ ఒక కమాండ్. "]" దానికి మనం సమర్పించుకునే ఆఖరి ఆర్గ్యుమెంట్.

ఇంత పట్టింపున్న షెల్ అసలు ప్రశ్న దగ్గర ఎంత ఉదారమో చూడండి. 5 పెద్దదా, 10 పెద్దదా తేల్చమని "[ 5 > 10 ]" అని రాస్తే కిమ్మనదు. ">" అంటే దాని లెక్కలో అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించడం. అందుకని 10 అనే పేరుతో ఒక ఫైలు పుట్టిస్తుంది. మిగిలిన 5 ఖాళీ స్ట్రింగ్ (అక్షరమే లేని మాట) కాదు గనక షరతు నిజమేనని తీర్పు చెబుతుంది. అంకెలు పోల్చాలంటే "-జీటీ" రాయాలట. రాయనివాళ్లకీ నష్టం లేదు, ఒక ఫైలు లాభం.

ప్రతి కమాండూ ముగిశాక పని ఎలా జరిగిందో షెల్‌కి ఒక నంబరుగా చెబుతుంది. అక్కడ నిజమంటే సున్నా అనడం మీదా గొడవే. దీన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పని సవ్యంగా జరిగితే చెప్పడానికేముంది, 0 చాలు. చెడడానికి 1 నుంచి 255 దాకా నంబర్లు ఉంచారంటే, పెట్టినవాళ్లు లోకం చూసినవాళ్లే.

ఇఫ్‌ని తిరగేసి "ఫి" అనీ, కేస్‌ని తిరగేసి "ఎసాక్" అనీ ముగించే ముచ్చట ఆల్గాల్ 68 అనే పాత ప్రోగ్రామింగ్ భాష నుంచి వచ్చింది. దాన్ని తెచ్చిన స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌తో బయటికొచ్చింది. లూప్‌లో వచ్చే "డూ"ని కూడా తిరగేద్దామంటే "ఓడీ" అనే కమాండ్ అప్పటికే ఉంది. అందుకే "డన్".

ఇక క్షమాగుణానికి వద్దాం. ఒక ఫోల్డర్లోకి "సీడీ" చెయ్యి, తర్వాత అక్కడున్నవన్నీ తీసెయ్యి అని రెండు వరుసలు రాశామనుకోండి. ఆ ఫోల్డర్ లేదు. సీడీ విఫలమైంది. షెల్ ఒక ముక్క గొణిగి రెండో వరుసకి వెళ్తుంది, ఉన్నచోటే అన్నీ తీసేస్తుంది. "=" పక్కన ఖాళీని ఓర్చుకోలేని మనసు ఇది! మొదటిది సఫలమైతేనే రెండోది నడవాలంటే, రెండిటి మధ్యా "&&" పెట్టుకోవలసింది మనమే.

కఠినంగా ఉండమని కోరితే "సెట్ -ఈ" ఉంది. కమాండ్ విఫలమైతే స్క్రిప్ట్ ఆగిపోతుంది. అయితే ఇఫ్ షరతులో ఉన్నవాటికి మినహాయింపు. "&&"కి ఎడమన ఉన్నవాటికీ మినహాయింపే. ఒక ఫంక్షన్‌ని ఇఫ్ షరతులో పిలిస్తే, దాని లోపలున్న కమాండ్లన్నిటికీ ఆ రక్షణ దక్కుతుంది. చట్టం ఉంది, వర్తించదు.

ఇంత చక్కని ఏర్పాటుని షెల్‌చెక్ అనే టూల్ పాడుచేస్తోంది. స్క్రిప్ట్ నడవకముందే కోట్ గుర్తుల మధ్య పెట్టని "$" వేరియబుల్స్‌ని పట్టుకుని, సీడీ విఫలమైతే ఏం చేస్తావని నిలదీస్తోంది. ఫైళ్లు పోయాక అర్ధరాత్రి బ్యాకప్ వెతుక్కుంటూ నేర్చుకోవలసిన విషయాలని ముందే చెప్పేసే ఈ టూల్‌ని వెంటనే నిషేధించాలని డిమాండ్ చేస్తున్నాను.