తాళంకప్ప కూడా సమ్మిళితమే

‘సమ్మిళితం’ అనే మాటను ఎవరు కనిపెట్టారో గానీ, వారికి తెలుగు మీద ఏదో పాత పగ ఉండి ఉంటుంది. కలివిడి, కలుపుగోలు, కలిసిమెలిసి అని మన ఇళ్లలో రోజూ తిరిగే మాటలను అరుగు మీద కూర్చోబెట్టి, ఈ కొత్త అల్లుడిని నట్టింట్లోకి తీసుకొచ్చారు. పోనీ, అల్లుడన్నాక భరించాలి. నా బాధ మాటతో కాదు. దాన్ని ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద అచ్చువేయించి ఒక హాస్టలు గేటుకు కట్టడంతో.

‘సమ్మిళిత వసతి గృహ సమాజ నిర్మాణం, విద్యార్థి చేయూత: ఒకరోజు కార్యశాల’ అని ఉంది దాని మీద. కింద పదకొండు ముఖాలు. అన్నీ అధికారులవే. విద్యార్థుల గురించి కదా, ఒక్క విద్యార్థి అయినా లేడే అనుకుంటారేమో, ఉన్నాడు. ఎడమ మూలన, ఇంటర్నెట్టు నుంచి దింపుకున్న తెల్లటి కుర్రాడు, నెత్తిన ఉన్ని టోపీ, మెడలో మఫ్లరుతో నవ్వుతున్నాడు. బయట ఎండ నలభై రెండు డిగ్రీలు.

విశ్వవిద్యాలయం పేరు చెప్పను. చెబితే మిగతావాళ్లు నొచ్చుకుంటారు, మమ్మల్ని ఎందుకు వదిలేశావని.

ఆ కార్యశాలకు నన్నెవరూ పిలవలేదు. మా అన్నయ్య కొడుకు అక్కడ ఎం.ఏ. చదువుతున్నాడు. వాడికి ఇచ్చిరమ్మని మా వదిన ఆవకాయ జాడీ పంపింది. గేటు దగ్గర రిజిస్టరులో ‘వచ్చిన పని’ అన్నచోట ‘ఆవకాయ’ అని రాశాను. వాచ్‌మన్ దాన్ని కొట్టేసి ‘వ్యక్తిగతం’ అని దిద్దుకున్నాడు. జాడీ చంకన పెట్టుకుని లోపలికి వెళ్లేసరికి కార్యక్రమంలో మొదటి అంశం మొదలవబోతోంది. ర్యాంపు ప్రారంభోత్సవం.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో నూటికి ఐదు సీట్లకు తగ్గకుండా వారికి ఇవ్వాలంది. సీటు ఇచ్చాక మనిషి ఆ సీటు దాకా ఎలా వెళతాడన్న ఆలోచన మన పెద్దలకు కాస్త ఆలస్యంగా తడుతుంది. ర్యాంపు కట్టడానికి ఒక లెక్క ఉంది: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆ హాస్టలు అరుగు మూడడుగుల ఎత్తు. అంటే ముప్పై ఆరు అడుగుల ర్యాంపు రావాలి. కట్టింది తొమ్మిది. మిగిలిన ఇరవై ఏడు అడుగులు ఎవరింటి ముందు వాలుగా పడుకుని ఉన్నాయో కాంట్రాక్టరుకే తెలియాలి. దాన్ని ర్యాంపు అనడంకంటే జారుడుబల్ల అంటే న్యాయం. మెస్సులోకి గ్యాసు బండలు దొర్లించడానికి మాత్రం భేషుగ్గా ఉందని వంటవాళ్లు చెప్పారు.

ర్యాంపు మీద రంగుల ముగ్గు వేశారు. అడ్డంగా రిబ్బను కట్టారు. పక్కన, ఎండలో, చక్రాల కుర్చీలో ఒక కుర్రాడు. చరిత్ర శాఖలో రెండో ఏడాది. ఫొటోలో ఉండాలని ఉదయం తొమ్మిదింటికే తెచ్చి అక్కడ పెట్టారట. ‘పెట్టారు’ అన్నది వాడి మాటే. ముఖ్య అతిథి పదిన్నరకు వచ్చి కత్తెర అందుకుని రిబ్బను కత్తిరించారు. చప్పట్లు. “ఏం బాబూ, ఎక్కు మరి!” అన్నారు వాత్సల్యంగా.

కేర్‌టేకరు పరుగెత్తుకొచ్చి చేతులు అడ్డుపెట్టాడు. “సార్, చక్రాలు పడితే ముగ్గు చెరిగిపోతుంది. ఫొటోగ్రాఫరు ఇంకా తీసుకోలేదు.”

ముగ్గు ఫొటో తీశారు. అతిథితో ముగ్గు, వార్డెనుతో ముగ్గు, ఇద్దరితో ముగ్గు. అప్పుడు ఆ కుర్రాడు మెల్లిగా అన్నాడు: “సార్, పైన తాళం ఉంది.”

అందరూ తలలెత్తి చూశారు. ర్యాంపు ఎక్కగానే మడత గేటు. గేటుకు గొలుసు. గొలుసుకు కొబ్బరికాయంత తాళంకప్ప. తెరిచి ఉంచితే కుక్కలు, నాన్‌బోర్డర్లు లోపలికి వస్తారని వేశారట. అదే వరుసలో చెప్పారు, కుక్కలు, నాన్‌బోర్డర్లు అని. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర లేదు. ఆఫీసులో గుమాస్తా దగ్గర ఉంది. గుమాస్తా సెలవు. అతని బల్ల సొరుగుకు తాళం. ఎవరో ఎక్కడినుంచో నలభై చెవులున్న గుత్తి తెచ్చారు, ఒక్కదానికీ చీటీ లేదు. కేర్‌టేకరు జారుడుబల్ల ఎక్కి (రెండుసార్లు జారాడు, ముగ్గు ఎలాగూ పోయింది) ఒక్కొక్కటే దూర్చి చూస్తున్నాడు. పన్నెండోది దూరింది గానీ తిరగలేదు, బయటికీ రాలేదు. రాయి పెట్టి కొట్టేద్దామన్నాడు ఒక పిల్లవాడు. వార్డెను మండిపడ్డారు. అది విశ్వవిద్యాలయం ఆస్తి, పగలగొట్టాలంటే ఇంజనీరింగు విభాగానికి రాయాలి, వాళ్లు అంచనా వెయ్యాలి, మంజూరు రావాలి. ముఖ్య అతిథి గడియారం చూసుకున్నారు. జాడీ బరువుకు నా చెయ్యి లాగుతోంది. నూనె కారుతోందేమోనని కూడా అనుమానం.

అప్పుడు నలుగురు కుర్రాళ్లు వచ్చారు. ఎవరూ పిలవలేదు. కుర్చీకి నాలుగు మూలలా పట్టుకుని, పక్కనున్న మామూలు మెట్ల మీదుగా ఎత్తి అరుగు మీద దించారు. పట్టుమని పది క్షణాలు పట్టలేదు. రోజుకు నాలుగైదుసార్లు చేసే పనే కదా, చేతులకు అలవాటు. ఫొటోగ్రాఫరు టకటకా కొట్టాడు. ముఖ్య అతిథి మైకు అందుకుని గద్గదంగా అన్నారు, “చూశారా! సమ్మిళిత సమాజమంటే ఇదే!” అని.

ఆయన ఆ రోజు పలికిన ఒకే ఒక్క నిజం అది. అది నిజమని ఆయనకు తెలియదు.

మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫొటో వచ్చింది. సాయంత్రానికి నోటీసు వచ్చింది, ఆ నలుగురిలో ఎడమవైపు ముందు చక్రం పట్టుకున్న కుర్రాడి మీద. అతను నాన్‌బోర్డరు.

ఉస్మానియా హాస్టళ్ల గాలి పీల్చినవాళ్లకు ఈ మాట వివరించనక్కరలేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. కోర్సు అయిపోయి ఉద్యోగం రానివాడు, సీటు వచ్చి గది రానివాడు, గ్రూప్ టూకో డీఎస్సీకో చదువుతూ ఊరికి ఏ ముఖంతో వెళ్లాలో తెలియనివాడు, వీళ్లంతా నాన్‌బోర్డర్లు. ఇద్దరి గదిలో ఆరుగురు సర్దుకుంటారు. మంచం వంతులవారీగా, చాప శాశ్వతంగా. మెస్సులో ఒక కార్డు మీద వచ్చిన అన్నం రెండు పళ్లాల్లోకి వెళుతుంది. ఎవడి కులమేమిటో, ఎవడిది ఏ జిల్లానో కనుక్కోవడానికి తీరిక ఉండదు, ముందు ఫ్యాను కింద చోటెవరిదో తేలాలి. ఇదంతా అక్రమం. ఈ అక్రమాన్నే ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద రాస్తే కార్యశాల. ఆ కుర్రాడు ఉంటున్న గదికి సీలు వేశారు. అతన్ని ఉండనిచ్చినందుకు అసలు గదివాళ్లిద్దరూ కూడా సంజాయిషీ ఇవ్వాలి. ఇప్పుడు కుర్చీకి మూడు మూలలే మిగిలాయి.

కార్యశాల రోజు మధ్యాహ్నం ఉపన్యాసంలో ఒక ఆచార్యులు, సమ్మిళితం మన రక్తంలోనే ఉందని సెలవిచ్చారు. కాదనను. మన నగరాల్లో అన్ని కులాలకూ సమానంగా హాస్టళ్లుండేవి కదా, ఎవరి కులానిది వారికి! హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లోనే వచ్చింది. దాన్ని ఎగతాళి చెయ్యను. పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి తల దాచుకునే చోటు లేని రోజుల్లో అది నీడనిచ్చింది, సురవరం ప్రతాపరెడ్డి లాంటివారు అక్కడ పనిచేశారు, మంచి గ్రంథాలయం ఉండేది. ఆ తరవాత ఒక్కొక్క కులమూ తన బోర్డు తాను రాసుకుంది. నూరేళ్లయినా ఆ బోర్డులు దిగలేదు. గది అద్దెకు వెళితే ‘మీరేమిట్లు?’ అని ఇప్పటికీ అడుగుతున్న నగరంలో ఆచార్యులవారికి ఏ రక్తనాళంలో సమ్మిళితం కనిపించిందో!

తరవాత ‘ఆహార వైవిధ్యం’ మీద అరగంట. ఈ వైవిధ్యంలో మన ఐఐటీలు చాలా ముందున్నాయి. 2018లో మద్రాసు ఐఐటీ మెస్సులో శాకాహారులు చేతులు కడుక్కునే చోటు వేరు, మాంసాహారులది వేరు అని కాగితాలు వెలిశాయి. గొడవయ్యాక తీసేశారు. బొంబాయి ఐఐటీ ఇంకొక అడుగు ముందుకేసి 2023లో ఆరు బల్లలు శాకాహారులకే అంది. దానికి నిరసనగా ఆ బల్ల మీదే మాంసం తిన్న విద్యార్థికి పదివేలు జరిమానా. పప్పు తినేవాడి పక్కన కోడికూర తినేవాడు కూర్చుంటే పప్పుకు ఏమవుతుందో తేల్చడానికి అంతమంది ఇంజనీర్లు చాలలేదు పాపం.

ఆరింటికి సభలోంచి ఆడపిల్లలు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోసాగారు. ఉపన్యాసం నచ్చక కాదు. వాళ్ల హాస్టలు గేటు ఏడింటికి మూస్తారు. మగపిల్లల గేటుకు వేళే లేదు. ఇదేమిటని అడిగితే భద్రత అన్నారు. పాములు తిరుగుతాయట. ఏడు దాటాక వచ్చి ఆడపిల్లలను మాత్రమే కరిచే పాములు. భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో ఆడపిల్లలకు మగపిల్లలకు లేని నియమాలు పెట్టకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అదే యూజీసీ, తన 2015 నిబంధనల్లోనే రాసింది. పాములు చదివినట్టు లేదు.

ఇంతవరకూ నేను నవ్వుతూనే రాశాను. ఆ గదికి వేసిన సీలు దగ్గరికి వచ్చేసరికి కలం మొరాయిస్తోంది.

ఎందుకంటే ఆ సీలు మన విశ్వవిద్యాలయాలకు తెలిసిన ఒకే ఒక్క విద్య. 1938లో ఉస్మానియా హాస్టలు ప్రార్థన గదిలో పిల్లలు వందేమాతరం పాడారు. ఏం చేశారు? హాస్టలు ఖాళీ చెయ్యమన్నారు. వందలమంది చదువు చెడింది. నాగపూరు విశ్వవిద్యాలయం తలుపు తీసింది కాబట్టి బతికిపోయారు. ఆ ఉద్యమంలో పడి అక్కడికి చేరినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. నిజాము పోయాడు, స్వాతంత్ర్యం వచ్చింది, యూజీసీ వచ్చింది, కులవివక్షను అరికట్టాలంటూ 2012లో నిబంధనలు కూడా వచ్చాయి. వాటికి మూడేళ్లు నిండాక, 2015 డిసెంబరులో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులకు ఏం చెప్పింది? క్లాసుకు రావచ్చు, హాస్టల్లో పడుకోకూడదు. నలుగురు తిరిగే చోట గుంపుగా కనబడకూడదు. ఊళ్లో ఉండవచ్చు గానీ నడివీధిలోకి రాకూడదన్న పాత తీర్పుకు లెటర్‌హెడ్ తొడిగారు, అంతే. ఆ పిల్లలకు అది వెంటనే అర్థమైంది. పరుపులు, పుస్తకాలు, అంబేడ్కర్ పటం మోసుకుంటూ బయటికి వచ్చి, ప్రాంగణంలోని దుకాణాల దగ్గర గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. జనవరి చలిలో పడుకున్నారు. 2016 జనవరి 17న వారిలో రోహిత్ వేముల చనిపోయాడు. అప్పటికి అతనికి ఏడు నెలల ఫెలోషిప్పు, లక్షా డెబ్బై ఐదు వేలు, రావలసి ఉంది. చివరి ఉత్తరంలో ఆ లెక్క కూడా రాసుకోవలసి వచ్చింది అతను.

చేయూత! ఇవ్వవలసిన జీతం ఇవ్వకుండా, పడుకునే మంచం లాక్కుని, చేయూత! ఆ తరవాత ఎనిమిదేళ్లకు, 2024లో, పోలీసులు కేసు మూసేస్తూ నివేదిక ఇచ్చారు. అతను అసలు దళితుడే కాదని. గోల జరిగాక మళ్లీ విచారిస్తామన్నారు. గది ఎందుకు తీసేశారన్న ప్రశ్నకు దొరకని తీరిక, పిల్లవాడి కులం తవ్వడానికి దొరికింది. మీకు సిగ్గు లేదు సరే, కనీసం ఫ్లెక్సీ కట్టేటప్పుడు చేతులైనా వణకాలి కదా!

క్షమించండి. కార్యశాల దగ్గర ఉన్నాం.

ముగింపులో అందరికీ ధ్రువపత్రాలు ఇచ్చారు, చక్రాల కుర్చీ కుర్రాడికి తప్ప. వేదికకు ర్యాంపు లేదు. కిందికి పంపిస్తామన్నారు, ఇంకా రాలేదు. ఆవకాయ జాడీ మా వాడి గదిలో పెడితే, తలుపు మూసేలోపే తొమ్మిదిమంది వచ్చారు. ఆ తొమ్మిదిమందిలో గదికి చెందినవాళ్లు ఎందరని నేను అడగలేదు.

నిన్న మా వాడు ఫోను చేశాడు. జాడీ ఖాళీ అట, అమ్మకు చెప్పకు, మళ్లీ తీసుకురా బాబాయ్ అన్నాడు. ర్యాంపు తాళంలో ఇరుక్కున్న చెవి అలాగే ఉందట. గేటుకు కట్టిన ఫ్లెక్సీ మాత్రం రెండో రోజే మాయమైందట. వానకు మేడ మీది గది కురుస్తుంటే ఎవరో పైన కప్పారు. వాన వెలిశాక తీసి డాబా మీద పరిచారు. సీలు పడ్డ గదివాళ్లూ, ఆ ముందు చక్రం కుర్రాడూ ముగ్గురూ రాత్రిళ్లు దాని మీదే పడుకుంటున్నారు. ఇరవై అడుగులు కాబట్టి ఇంకా చోటుందట. పైనుంచి ఎవరో ఫొటో తీసి వార్డెనుకు పంపారు. ముఖ్య అతిథిగారి ముఖం మీద ఎవరివో పాదాలున్నాయి. అవి ఎవరివో తేల్చడానికి ముగ్గురు సభ్యులతో సంఘం వేశారు.