చెవిలో సూది, అంగిట్లో నిప్పు

గత చలికాలంలో ఒడిశాలోని బరంపురంలో ఒక ప్రైవేటు క్లినిక్ వాళ్ళు పొగ మాన్పించే శిబిరం పెట్టారు. ఆక్యుపంక్చర్ పద్ధతిలో చెవికి ఐదు సూదులు, మూడు సిట్టింగులు, ఆ తర్వాత జన్మలో పొగ ముట్టరని హామీ. మా చిన్నాన్న వెళ్ళాడు. పది రోజులు బీడీ జోలికి పోలేదు. పదకొండో రోజు మళ్ళీ వెలిగించాడు. ఫోన్ చేస్తే ఇంకో మూడు సిట్టింగులకు డబ్బు కట్టమన్నారు. "నా మనసే గట్టిది కాదురా" అని తలదించుకున్నాడాయన. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. హామీ ఇచ్చినవాళ్ళు బాగానే ఉన్నారు, సిగ్గు మాత్రం ఆయన పాలైంది.

ఈ సూదుల కథ 1970ల మొదట్లో హాంకాంగ్‌లో మొదలైంది. వెన్ అనే న్యూరోసర్జన్ నొప్పి తగ్గించడానికి సూదుల గుండా సన్నగా కరెంటు పంపిస్తుంటే, నల్లమందు అలవాటున్న రోగులకు మానినప్పటి యాతన కూడా తగ్గడం గమనించాడు. తర్వాత న్యూయార్క్‌లోని లింకన్ ఆసుపత్రిలో చెవికి ఐదు చోట్ల గుచ్చే పద్ధతి స్థిరపడింది. పొగాకు విషయంలో మాత్రం వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2014లో 38 అధ్యయనాలను కలిపి చూసింది. మొదట్లో కొంత మేలు కనిపించినా, ఆరు నెలల తర్వాత కూడా నిలుస్తుందనడానికి నమ్మదగిన రుజువు దొరకలేదు. చిన్నాన్న పది రోజులు నాకు అప్పుడు అర్థమయ్యాయి. కేంద్రం 2019లో ఆక్యుపంక్చర్‌ను వైద్య విధానంగా గుర్తించిన మాట నిజమే. కానీ ఆ గుర్తింపు పొగ మాన్పిస్తుందన్న రుజువు కాదు.

సూది వేయించుకుంటే ధైర్యం వస్తుందనేవాళ్ళను నేను ఆపను. అరగంట ఎవరో పక్కన కూర్చుని మన బాధ వినడం చిన్న సంగతి కాదు. అయితే దాంతోపాటు నికోటిన్ గమ్ గురించీ చెప్పాలి. గమ్, ప్యాచ్ లాంటివి మానగలిగే అవకాశాన్ని 50 నుంచి 60 శాతం పెంచుతాయి. రెండు మిల్లీగ్రాముల గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. పొగాకు మానడానికి సాయపడే జాతీయ హెల్ప్‌లైన్ 1800 11 2356కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

ఇంతకీ ఆ శిబిరం పోస్టరు మీద ఉన్నది సిగరెట్ పట్టుకున్న మగవాడి బొమ్మ. గోపాలపూర్ వైపు చేపలు పట్టే మన తెలుగు పల్లెకారుల వాడల్లో చూడండి, పెద్ద వయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. మా మేనత్తా అంతే. గాలికి ఆరిపోదు, చేపల మీద బూడిద పడదు, చేతులు ఖాళీగా ఉంటాయి అంటుంది. ఆ వేడి మొత్తం అంగిలికి తగులుతుంది. తెల్లమచ్చలు, పుండ్లు, కొందరికి క్యాన్సర్. ఆంధ్రలో 10,169 మంది గ్రామస్థుల అంగిళ్ళను పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అది అచ్చయి యాభై ఏళ్ళు దాటినా మా మేనత్తను నోరు తెరవమని ఒక్కరూ అడగలేదు.

2016-17 జాతీయ సర్వేలో ఒడిశా పెద్దల్లో 45.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. దేశం సగటు 28.6 శాతమే. ఇంత పొగాకున్న చోట శిబిరం పెడితే పల్లెకారుల వాడల్లో పెట్టాలి. ఆశా దీదీలకు టార్చి ఇచ్చి అంగిలి చూడడం నేర్పాలి. మచ్చ కనిపిస్తే బరంపురంలోని ఎంకేసీజీ ప్రభుత్వ ఆసుపత్రికి పంపాలి. అక్కడ తెలుగులో మాట్లాడే మనిషి ఒకరుండి, పదకొండో రోజున వాళ్ళే ఫోన్ చేయాలి.