కుడివైపు ఫీల్డింగ్‌లో వెసులుబాటు గారు

నవంబరు 1, అర్ధరాత్రి దాటింది. టొరంటోలో బేస్‌బాల్ ఫైనల్, పదకొండో ఇన్నింగ్స్. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 5, టొరంటో బ్లూ జేస్ 4. బ్యాటు విరిగి, బంతి రెండో, మూడో బేసుల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. అతను అందుకుని, రెండో బేసు తనే తొక్కి, ఫస్ట్ బేసుకు విసిరాడు. ఒక్క బంతికి ఇద్దరు ఔట్. అమెరికా బేస్‌బాల్ కప్పు, 2025 వరల్డ్ సిరీస్ అయిపోయింది. ఆ షార్ట్‌స్టాప్ మూకీ బెట్స్. కప్పు గెలిచినవాళ్ళకు ఉంగరం ఇస్తారు, అతనికిది నాలుగోది. మొదటిది 2018లో మా బోస్టన్‌కు ఆడి, ఇదే డాడ్జర్స్‌ను ఓడించి తెచ్చుకున్నాడు. మిగతా మూడూ మేం సాగనంపాక వచ్చినవి.

టీవీ కట్టేసి, లేచి నిలబడి నమస్కారం పెట్టాను. బెట్స్‌కి కాదు. అతన్ని ఇచ్చి మేం తెచ్చుకున్న మహానుభావుడికి. ఆయన పేరు వెసులుబాటు.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. 2020 ఫిబ్రవరిలో మా బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ వాళ్ళు బెట్స్‌ను, అతనితోపాటు పిచర్ (బంతి విసిరేవాడు) డేవిడ్ ప్రైస్‌ను లాస్ ఏంజెలెస్‌కు పంపి ముగ్గురు కుర్రాళ్ళను తెచ్చుకున్నారు. ప్రైస్‌కు రావాల్సిన జీతంలో సగం కూడా మావాళ్ళే కట్టారు. పాడిగేదెను తోలిపెట్టి, వెనకాలే గడ్డి బండి కూడా పంపడమన్నమాట. వచ్చిన ముగ్గురిలో ఒకతని పేరు జీటర్ డౌన్స్. మా ఆజన్మ శత్రువులు న్యూయార్క్ యాంకీస్ ఉన్నారే, వాళ్ళ హీరో డెరిక్ జీటర్ పేరు ఆ పిల్లాడికి పెట్టారు. పగవాడి పేరున్న పిల్లాణ్ణి దత్తత తెచ్చుకున్నా, పాపం అతను మాకు ఆడింది 14 మ్యాచ్‌లే. రెండోవాడు వెర్డూగో. కొన్నాళ్ళు ఉంచుకుని, అతన్ని తిన్నగా యాంకీస్‌కే అప్పగించారు. మూడోవాడు క్యాచర్. 2025 నాటికి ఆ బేరానికి మిగిలిన గుర్తు అతనొక్కడే.

కానీ ముగ్గురూ పైపై సరుకు. అసలు సరుకు వెసులుబాటు గారే. జట్టు జీతాల మొత్తం ఒక గీత దాటితే లగ్జరీ టాక్స్ అని పన్ను పడుతుంది. ఆ ఏడాది ఆ గీత 208 మిలియన్ డాలర్లు. అంతకు ముందు రెండేళ్ళూ దాటారు, మూడో ఏడూ దాటితే దాటిన సొమ్ము మీద యాభై శాతం పన్ను. గీత కిందికి దిగితే 'ఆర్థిక వెసులుబాటు' వస్తుందని పెద్దలు సెలవిచ్చారు. వచ్చింది. ఆ సీజన్లో 24 గెలిచి 36 ఓడి, డివిజన్లో అట్టడుగున పడ్డాం. గీత కిందికి దిగమంటే పాయింట్ల పట్టికలో కూడా దిగారు, పాపం అమాయకులు.

ఆనాటి నుంచి నాకు మా మైదానం ఫెన్‌వే పార్కులో వెసులుబాటు గారే కనిపిస్తారు. కుడివైపు ఫీల్డింగు ఆయనదే. ఆ మూల ఆషామాషీ కాదు. పసుపు స్తంభం దగ్గర గోడ బ్యాటరుకు 302 అడుగుల దూరమే, నాలుగడుగులు పక్కకు జరిగితే గోడ ఎక్కడో దూరంగా పారిపోతుంది. బెట్స్ అక్కడ పరిగెత్తి పరిగెత్తి 2016 నుంచి వరసగా నాలుగు గోల్డ్ గ్లవ్‌లు (మేటి ఫీల్డర్‌కిచ్చే బహుమతి) పట్టాడు. వెసులుబాటు గారు పరిగెత్తరు. పరిగెత్తితే బూట్లు అరుగుతాయి, బడ్జెట్‌లో పెట్టలేదు. బంతి గాల్లోకి లేస్తుంది. ముప్పైవేల మందీ నిలబడతారు. ఆయన తల ఎత్తి, బంతిని చూసి, జేబులోంచి కాలిక్యులేటర్ తీస్తారు. ఇది పడితే రేపు జీతం పెంచమని అడగాల్సి వస్తుందేమో! బంతి గోడకు తగిలి తిరిగొచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగుతుంది. 'మా దీర్ఘకాలిక ప్రణాళికలో ఈ బంతి లేదు' అంటారాయన. అవతలివాళ్ళు ముగ్గురు హోమ్ చేరిపోతారు. మ్యాచ్ అయ్యాక గోడ దగ్గర ఓ పిల్లాడు పెన్ను చాపితే, సంతకం కాకుండా రౌండ్ సీల్ వేసి పంపిస్తారు.

'బెట్స్ ఎలాగూ ఒప్పందం ముగిసి, ఫ్రీ ఏజెంటై వెళ్ళిపోయేవాడు' అని సమర్థించే పెద్దమనుషులు మాకూ ఉన్నారు. నిజమే, వెళ్ళిపోయే మనిషే. అందుకే డాడ్జర్స్‌కు పోయిన ఆరు నెలల్లోపే 12 ఏళ్ళకు, 365 మిలియన్లకు సంతకం పెట్టాడు. నిలకడలేని మనిషి!

హైదరాబాద్ నుంచి మా బావమరిది ఓదార్చబోయాడు. "మా వార్నర్ సంగతి చూడండి బావా. 2016లో కప్పు తెచ్చిపెట్టాడు. 2021లో కెప్టెన్సీ పీకేసి, జట్టులోంచి కూడా తీసేస్తే స్టాండ్స్‌లో కూర్చుని జెండా ఊపాడు. మీవాడు హాయిగా కప్పులు కొడుతున్నాడుగా?"

కొడుతున్నాడురా. అదే నా ఏడుపు.

డబ్బుల్లేక అమ్ముకుంటే ఆ బాధ వేరు. చిన్న ఊళ్ళ జట్లు చేస్తాయి, చూసి జాలిపడతాం. ఇది ఫెన్‌వే. టికెట్ల ధరల్లో ఎప్పుడూ ముందు వరసే. 2011లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో అయిదో రౌండ్‌లో తీసుకున్న పిల్లాడు బెట్స్, అయిదడుగుల తొమ్మిదంగుళాలవాడు, 2018లో .346 సగటుతో కొట్టి ఎంవీపీ, అంటే లీగ్‌లో మేటి ఆటగాడు అయ్యాడు. కన్నవాళ్ళు పేరు పెట్టేటప్పుడే పొడి అక్షరాలు ఎం.ఎల్.బి. (మేజర్ లీగ్ బేస్‌బాల్) వచ్చేలా పెట్టుకున్నారు. అలాంటివాణ్ణి 27 ఏళ్ళకే లెక్కల పుస్తకంలో ఖర్చు పద్దు కింద కొట్టేశారు! ఇదే ఊరు బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్‌ను యాంకీస్‌కు అమ్ముకుని, 2004 దాకా కప్పుకు మొహం వాచింది. తాతలు ఎదురుచూస్తూ పోయారు. అయినా బుద్ధి రాలేదు. మాకు మాత్రం విశ్వాసం ఉండాలట, వానలో తడిసి అరవాలట. మా విశ్వాసానికి లేని వెసులుబాటు మీ డబ్బుకెందుకయ్యా?

పోనీ, నేర్చుకున్నారా? 2023 జనవరిలో మా బ్యాటర్ రఫాయెల్ డెవర్స్‌కు పదేళ్ళకు 313.5 మిలియన్లు రాసిచ్చారు. ఇతనైనా మావాడని మురిశాం. 2025 జూన్ 15, ఆదివారం. యాంకీస్‌ను మూడుకు మూడు ఓడించాం, డెవర్స్ హోమ్ రన్ కూడా కొట్టాడు. సాయంత్రానికి శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుకు పంపేశారు.

మావాళ్ళ హోమ్ జెర్సీ వెనక ఆటగాడి పేరుండదు, అంకె ఒక్కటే. అదేదో గొప్ప సంప్రదాయమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, దర్జీ కూలి ఆదా. నా జెర్సీ, బెట్స్ 50 నంబరుది, బీరువాలో చలికోట్ల వెనక ఉంది, ఎడమ చేతి మీద ఆవాల మరక, 2018 నాటిది. ఉతికినా పోలేదు, నేనూ గట్టిగా ఉతకలేదు.

ఇప్పుడు మా అమ్మాయికి రోమన్ ఆంథొనీ జెర్సీ కావాలట. కొత్త కుర్రాడు, కప్పు గెలిచిన 2004లోనే పుట్టాడు, 2025 ఆగస్టులో ఎనిమిదేళ్ళకు 130 మిలియన్లు రాసిచ్చారు. "ఇతన్ని పంపరు నాన్నా, ఎనిమిదేళ్ళు రాశారుగా" అంది.

కొన్నాను. రసీదు మాత్రం పారేయలేదు.