తెరెక్ ఏటి గట్టున కరువైంది నేలే

కొసాక్కులంటే రష్యా సరిహద్దుల్లో ఊళ్లు కట్టుకుని కాపలా కాసిన గుర్రపు యోధులు, క్రైస్తవులు. కొసాక్కు అనగానే కళ్ల ముందుకొచ్చే వేషం ఒకటుంది. నడుం దగ్గర బిగిసిన పొడుగాటి కోటు, ఛాతీకి రెండు వైపులా తూటాలకు సన్నటి గొట్టాలు, మొలలో బాకు, భుజాన షాష్కా కత్తి. రష్యాకు దక్షిణపు అంచున పారే తెరెక్, కుబాన్ నదుల కొసాక్కులు ఇదంతా అక్కడి కాకసస్ కొండల ముస్లింల దగ్గర నేర్చుకున్నారు. షాష్కా అన్న మాట కూడా ఆ ముస్లిం జాతుల్లో ఒకటైన చెర్కెస్సులదే.

వేషంతోనే ఆగలేదు. తెరెక్ ఏటికి ఇవతల కొసాక్కు, అవతల కొండ ముస్లిం జాతి అయిన చెచెన్ 'కునాక్'లయ్యేవారు, అంటే ప్రాణ స్నేహితులు. కునాక్ గడప తొక్కితే అన్నం పెట్టాలి, ఆపదొస్తే అడ్డం నిలవాలి. గుర్రాలు, కలప, బుర్కాలనే నల్లటి ఉన్ని పైకప్పులు (మగవాళ్లు భుజాల మీద వేసుకునేవి) చేతులు మారేవి. రాత్రిళ్లు ఏరు దాటి పశువులను తోలుకుపోవడమూ ఉండేది, రెండు వైపులా.

అందుకే కొసాక్కులకూ కొండ జనానికీ మధ్య రేగిన పగను క్రైస్తవులకూ ముస్లింలకూ మధ్య పోరుగా చెబితే నేను ఒప్పుకోను. మతం లేదని కాదు, రష్యా మీద కొండ జనాన్ని నడిపించిన ఇమామ్ షమీల్ 1859లో లొంగిపోయేదాకా జిహాద్ పేరుతోనే పోరాడాడు. కానీ ఇరుగుపొరుగును పగవాళ్లను చేసింది ముఖ్యంగా భూమి, ఆ భూమిని పంచింది రష్యా చక్రవర్తి జారు ప్రభుత్వం. 1818లో చెచెన్ నేల మీద రష్యన్ సైన్యం గ్రోజ్నీ కోట కట్టింది. తర్వాత సున్ఝా నది వెంట స్థానికుల పొలాల్లో కొసాక్కు ఊళ్లు వెలిశాయి. 1864కల్లా లక్షల మంది చెర్కెస్సులను ఒట్టోమన్ రాజ్యానికి తరిమి, వాళ్ల నేలలోనూ కొసాక్కులను దించారు. కుబాన్ అవతలికి పొమ్మంటే 1861లో కొందరు కొసాక్కులే మొండికేశారు. అంతమాత్రాన వాళ్లది తప్పు లేదనలేం. ఊళ్లు తగలబెట్టిన దండుల్లో వాళ్లూ ఉన్నారు.

తర్వాత తిరగలి రెండో వైపు తిరిగింది. 1920లో బోల్షెవిక్ నాయకుడు ఒర్జోనికిద్జె ఆజ్ఞతో తెరెక్ కొసాక్కుల ఊళ్లు కొన్ని ఖాళీ చేయించి, ఆ భూములు చెచెన్‌లకు, వాళ్ల పొరుగు ముస్లిం జాతి ఇంగుష్‌లకు ఇచ్చారు. 1944 ఫిబ్రవరి 23న అదే చెచెన్, ఇంగుష్ జనాన్ని, దాదాపు 5 లక్షల మందిని, రైళ్లెక్కించి మధ్య ఆసియాకు పంపేశారు. తిరిగి రావడానికి 1957 దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది తెరెక్‌కు ఉత్తరాన నౌర్, షెల్కోవ్‌స్కాయా జిల్లాలను చెచెన్-ఇంగుష్ రిపబ్లిక్‌లో కలిపారు. అవి కొసాక్కుల పాత ఊళ్లున్న జిల్లాలు. ప్రతిసారీ ఒకరి కన్నీళ్ల మీద ఇంకొకరికి ఇల్లు కట్టించారు, ఆ కోపం మాత్రం పక్కింటి మీదే మిగిలింది.

ఇంగుష్‌ల ప్రాంతమైన ఇంగుషెతియాలోని సున్ఝా పట్టణాన్ని చూడండి. 1845లో కొసాక్కు ఊరుగా పుట్టింది. చెచెన్‌లతో పోరులో చనిపోయిన జనరల్ స్లెప్‌త్సోవ్ పేరు పెట్టుకుంది. సోవియట్ కాలంలో దానికి పెట్టిన పేరు ఒర్జోనికిద్జెది, 1920లో కొసాక్కులను ఖాళీ చేయించిన మనిషిది. 2016లో అందరిదీ అయిన నది పేరు దక్కేసరికి అక్కడి కొసాక్కు కుటుంబాల్లో చాలావరకు 1990లలోనే ఇళ్లు వదిలి వెళ్లిపోయాయి.